మా పద్దెనిమిదో నంబర్ సీటు

2025 మార్చి 3, సోమవారం. రాత్రి అంట్లు సర్దేశాక అమ్మను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒక ఫారం మీద సంతకం పెట్టించాను. అమ్మ తెలుగులో సంతకం పెడుతుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే రావాలని నా గోల, కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని ఆమె గోల. ఒక్క సంతకానికి పావుగంట పట్టింది. ఫారం పైన పెద్ద అక్షరాల్లో మా కాంగ్రెస్‌మన్ (అమెరికాలో మన ఎంపీ లాంటివాడు, మాది టెక్సస్ పద్దెనిమిదో నియోజకవర్గం) పేరు: సిల్వెస్టర్ టర్నర్.

సంగతేంటంటే, అమ్మ ఆ జనవరిలో ఇమ్మిగ్రెంట్ వీసా మీద హ్యూస్టన్‌లో దిగింది. గ్రీన్ కార్డు పోస్టులో రావాలి. రాలేదు. ఎక్కడ ఆగిందో, ఎవరి తప్పో ఇప్పుడు అనవసరం. షుగర్ ల్యాండ్‌లో ఉండే ఫ్రెండ్ "మీ కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి పెట్టవే, వాళ్ళు అడిగితే కదులుతుంది" అంది. మన దగ్గర ఎమ్మెల్యే లెటర్ తెచ్చుకోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ పైరవీకి కూడా ఒక ఫారం ఉంటుంది: 'నా కేసు గురించి మీరు అవతలి ఆఫీసును అడగొచ్చు, నాకు అభ్యంతరం లేదు' అని మనమే రాసివ్వాలి.

మంగళవారం డ్యూటీ హడావిడిలో పంపలేకపోయాను. ఆ రాత్రి ట్రంప్ కాంగ్రెస్ ఉభయ సభల్లో ప్రసంగం. టర్నర్ వెళ్ళాడు, పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ జోలికి పోవద్దని వీడియో కూడా పెట్టాడు. బుధవారం పొద్దున మెడికల్ సెంటర్‌కి వెళ్ళే రెడ్ లైన్ రైల్లో ఫోన్ తీస్తే ఆయన చనిపోయాడని వార్త. 70 ఏళ్ళు. ప్రమాణం చేసి అప్పటికి రెండు నెలలు. బ్యాగులో, టిఫిన్ డబ్బా కింద, ఆయన పేరున్న ఫారం అమ్మ సంతకంతో అలాగే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే అమ్మ మొదట "అయ్యో పాపం" అంది. తర్వాత కాసేపు ఆగి, "ఆ సీటు అచ్చొస్తలేదు బిడ్డా" అంది.

అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. టర్నర్‌కి ముందు ఆ సీటులో షీలా జాక్సన్ లీ దాదాపు 30 ఏళ్ళు ఉన్నారు. ఆమె 2024 జూలై 19న క్యాన్సర్‌తో పోయారు. మిగిలిన కొద్ది వారాల పదవీకాలానికి ఆమె కూతురు ఎరికా లీ కార్టర్ గెలిచారు. ఆ తర్వాత టర్నర్. ఇంకా వెనక్కి వెళ్తే మిక్కీ లేలాండ్. ఆకలితో ఉన్నవాళ్ళ కోసం తిరిగిన మనిషి, 1989 ఆగస్టు 7న ఇథియోపియాలో శరణార్థుల శిబిరానికి వెళ్తుంటే విమానం కొండను ఢీకొని చనిపోయాడు. ఇంటర్కాంటినెంటల్ ఎయిర్‌పోర్టులో ఇంటర్నేషనల్ టెర్మినల్‌కి ఆయన పేరే పెట్టారు. దుబాయ్ మీదుగా వచ్చే మన అమ్మానాన్నలంతా ట్రాలీ మీద పచ్చళ్ళ పెట్టెలు పెట్టుకుని బయటికి వచ్చేది అక్కడి నుంచే. నేనే ఎన్నిసార్లు ఆ బోర్డు కింద నిలబడి ఎదురుచూశానో. ఆయన మా కాంగ్రెస్‌మన్ అని మాత్రం మొన్నటిదాకా తెలీదు.

ఇది చెప్పింది మా పక్కింటి పెద్దావిడ. 81 ఏళ్ళు. హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళంటే షుగర్ ల్యాండ్, కేటీ, పేర్లాండ్. నేనొక్కదాన్నే డౌన్‌టౌన్‌కి ఉత్తరాన, రైలు దగ్గరని ఇల్లు కొనుక్కున్నాను. "ఆ ఏరియాలో ఎందుకు కొన్నావే" అని మీనాక్షి గుడిలో కనిపించినవాళ్ళంతా ఇప్పటికీ అడుగుతారు. ఈవిడ కోసమైనా కొనొచ్చు అని లోపల అనుకుంటాను. 1972లో బార్బరా జోర్డన్‌కి ఓటేసినప్పుడు ఈవిడకి 28 ఏళ్ళు. దక్షిణాది నుంచి కాంగ్రెస్‌కి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ జోర్డన్. 1974లో నిక్సన్ అభిశంసన విచారణలో ఆమె మాట్లాడుతుంటే వీధి వీధంతా టీవీల ముందే ఉందట. ఆ కథ నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆ టీవీ ఎవరింటిదన్నది మారింది.

సీటు ఖాళీ అయింది కదా, ఉప ఎన్నిక ఎప్పుడు? నేను మే అనుకున్నాను. ఏప్రిల్ 7న గవర్నర్ గ్రెగ్ ఆబట్ ప్రకటించాడు: నవంబర్ 4. హారిస్ కౌంటీకి ఎన్నికలు సరిగ్గా నడపడం రాదు, వాళ్ళకి తగినంత టైమ్ కావాలి అన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన రిపబ్లికన్, మా సీటు 1972 నుంచీ డెమొక్రాట్లది. హౌస్‌లో, అంటే మన లోక్‌సభ లాంటి దిగువ సభలో, బలాబలాలు అటూ ఇటూగా ఉన్నాయి. మిగతాది ఎవరికి వాళ్ళు అర్థం చేసుకున్నారు. లేలాండ్ పోయినప్పుడు నాలుగు నెలల్లో, ఆ డిసెంబర్‌కల్లా, క్రెయిగ్ వాషింగ్టన్‌ని గెలిపించుకున్నారు. ఇప్పుడు మొదటి విడతకే ఎనిమిది నెలలు.

ఇక్కడి రాజ్యాంగంలో ఎంపీ సీటు ఖాళీ అయితే ఎన్నిక పెట్టాల్సిందే, ఎవరినీ నామినేట్ చేసేది లేదు. కానీ ఎన్నాళ్ళలో పెట్టాలో రాజ్యాంగం చెప్పదు. మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ ఉంది: ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక. పదవీకాలం ఏడాది కన్నా తక్కువ మిగిలినా, ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం తేల్చినా తప్ప. మన చట్టం నాకు ముద్దొచ్చిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

మరి నా ఫారం? టర్నర్ పోయిన వారానికి భయం భయంగా ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తారు! కాకపోతే "కాంగ్రెస్‌మన్ టర్నర్ ఆఫీసు" అనలేదు, "టెక్సస్ పద్దెనిమిదో నియోజకవర్గం ఆఫీసు" అన్నారు. సభ్యుడు పోతే సిబ్బందిని హౌస్ క్లర్క్ కిందికి తీసుకుంటారట. మనుషులు వాళ్ళే, కుర్చీలు అవే. మన కేసులు చూస్తారు. బిల్లుల మీద అభిప్రాయం అడిగితే మాత్రం చెప్పరు, చెప్పడానికి అభిప్రాయం ఉండాల్సిన మనిషి లేడు. నాతో మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా, "మేడమ్, పైన పేరు లేని ఫారం పంపిస్తాను, దాని మీద మళ్ళీ సంతకం పెట్టించండి" అంది. ఆ గొంతులో ఏడ్చిన జీర ఉంది. వారం కిందటిదాకా ఆయన దగ్గర పనిచేసిన పిల్ల కదా.

మళ్ళీ కళ్ళజోడు, మళ్ళీ పావుగంట. మే నెలలో అమ్మ కార్డు వచ్చింది.

అదే మే 22న ట్రంప్ పెద్ద బిల్లు హౌస్‌లో 215–214తో గట్టెక్కింది. మెడికెయిడ్ కోతలున్న బిల్లు. అప్పటికి డెమొక్రాట్ల సీట్లు మూడు ఖాళీ: మా టర్నర్, అరిజోనా గ్రిహాల్వా, అంతకు ముందురోజే చనిపోయిన వర్జీనియా కానలీ. మాకు సభ్యుడు ఉండుంటే బిల్లు ఆగేదా? ఏమో, ఆ రోజు ఓటింగుకి అందుకోని రిపబ్లికన్లు కూడా ఉన్నారు, అవసరమైతే వాళ్ళని లాక్కొచ్చేవాళ్ళేమో. కానీ ఒక్క ఓటు తేడా అని వింటే కడుపు మండదా? పక్కింటావిడ మందులు మెడికేర్ (పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ బీమా), మెడికెయిడ్ రెండిటి మీదా నడుస్తాయి. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని పేపర్ మడతపెట్టి తన మానాన తను విసురుకుంటోంది. నాతో ఏం మాట్లాడలేదు.

ఇక అభ్యర్థులు. మొత్తం పదహారు మంది! ఆ జాబితా చదువుతుంటే భలే సరదాగా ఉండేది. రిపబ్లికన్లలో ఒకప్పటి మిస్ వెనెజువెలా కార్మెన్ మరియా మోంటియెల్. ఇండిపెండెంట్‌గా బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ కొడుకు, ఆయన పేరూ జార్జ్ ఫోర్‌మనే. పెద్దాయన తన అయిదుగురు కొడుకులకీ జార్జ్ అనే పెట్టాడు. ఇంట్లో పిలిస్తే ఎవరు పలికేవాళ్ళో. రాష్ట్ర ప్రతినిధి జొలాండా జోన్స్ ఒకప్పటి అథ్లెట్, టీవీలో సర్వైవర్ షోలో కూడా పాల్గొంది. ఎవరినైనా ఎదురుగానే కడిగేసే రకం. అమ్మకి ఇంగ్లిష్ పెద్దగా రాకపోయినా ఆమె వీడియో చూసి "ఈమె గట్టిది" అంది.

అసలు పోటీ మాత్రం ఇద్దరి మధ్యే అని మొదటినుంచీ అనుకున్నారు. క్రిస్టియన్ మెనెఫీ హారిస్ కౌంటీ అటార్నీ, అంటే కౌంటీ తరఫున సివిల్ కేసులు నడిపే లాయరు. 2020లో గెలిచాడు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి, అందరిలోకి చిన్నవాడు. టర్నర్ పోయిన కొద్దిరోజులకే రంగంలోకి దిగాడు. రెండోది అమాండా ఎడ్వర్డ్స్, సిటీ కౌన్సిల్ మాజీ సభ్యురాలు, ఈమె కూడా లాయరే.

ఎడ్వర్డ్స్ కథ కాస్త చెప్పాలి. ఈమె 2024 మార్చి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, షీలా జాక్సన్ లీ మీదే నిలబడి ఓడిపోయింది. జూలైలో లీ పోయారు. నవంబర్ బ్యాలెట్ మీద లీ బదులు ఎవరి పేరు ఉండాలో తేల్చడానికి ఆగస్టు 13న డెమొక్రాటిక్ పార్టీ ప్రీసింక్ట్ చైర్లు, అంటే మన బూత్ స్థాయి నాయకుల్లాంటివాళ్ళు, ఓట్లేసుకున్నారు. ఆఖరి లెక్క: టర్నర్ 41, ఎడ్వర్డ్స్ 37. లక్షలమంది జనం ఉన్న సీటు నాలుగు ఓట్లతో తేలింది. యూసుఫ్‌గూడలో మా గల్లీ గణేశ్ మండపం కమిటీకి కూడా ఇంతకన్నా మెజారిటీ ఉంటుంది. ఆ నాలుగూ అటు పడుంటే మార్చిలో మాకు ఖాళీ ఉండేదే కాదు కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇలా అనుకోవడం పోయినాయన పట్ల మర్యాద కాదని తెలుసు. అయినా అనుకున్నాను.

వేసవంతా ఫోన్లో మెసేజిలు, తలుపు దగ్గర కరపత్రాలు. చిక్కేంటంటే ముందున్న ముగ్గురూ డెమొక్రాట్లే, మెడికెయిడ్, ఓటు హక్కు, ట్రంప్, అన్నిటి మీదా దాదాపు ఒకే మాట. ఒక శనివారం మెనెఫీ తరఫున ఒక కాలేజీ కుర్రాడు ఎండలో చెమటలు కక్కుతూ వచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిన మజ్జిగ. మొదటి గుక్కకే వాడి మొహం చూడాలి. పాపం, ఓటు కోసం గ్లాసంతా తాగాడు. వాడు వెళ్ళాక అమ్మ "ఆ పిలగానికే వెయ్యి" అంది. "వాడు కాదమ్మా నిలబడింది" అన్నాను. "ఎవలైతేంది, పంపిన మనిషి మంచోడే అయి ఉంటడు" అంది.

పక్కింటావిడ మాత్రం మెట్లకి ఎడమ పక్కన మెనెఫీ బోర్డు, కుడి పక్కన ఎడ్వర్డ్స్ బోర్డు గుచ్చింది. ఎవరికి వేస్తున్నావని అడిగితే, "ఇద్దరూ మర్యాదగా అడిగారు" అంది, అంతే.

నవంబర్ 4న డ్యూటీ అయ్యాక వెళ్ళాను. హారిస్ కౌంటీలో ఏ పోలింగ్ కేంద్రానికైనా వెళ్ళొచ్చు, అదొక సుఖం. వాళ్ళిచ్చిన తెల్లకాగితం మిషన్‌లో పెడితే స్క్రీన్ మీద పేర్లు వస్తాయి. నొక్కుకుంటూ పోతే చివర మన ఎంపికలు కాగితం మీద అచ్చవుతాయి, దాన్ని తీసుకెళ్ళి స్కానర్‌లో వేయాలి. పదహారు పేర్లు దాటగానే అయిపోయిందనుకున్నాను. ఎక్కడ! రాష్ట్ర రాజ్యాంగ సవరణలు పదిహేడు. ఒక్కోటి లాయర్ నోటీసులా ఉంది. ఏడో ఎనిమిదో దాటాక నా ఓట్లకి నేను పూచీ ఇవ్వలేను. బయట కుర్చీలో కూర్చున్న అమ్మ, "ఇంతసేపా? ఎంతమందికేసినవే?" అంది.

కాంగ్రెస్‌కి ఎడ్వర్డ్స్‌కే వేశాను. నాలుగు ఓట్లు మనసులో పడిపోయాయి మరి.

ఆ రాత్రి మా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి. న్యూయార్క్‌లో మేయర్‌గా మమ్దానీ, వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ. మా పద్దెనిమిది గురించి ఒక్కరూ అడగలేదు. మెనెఫీకి 29 శాతం దాకా, ఎడ్వర్డ్స్‌కి 26 దాకా, జోన్స్‌కి 19 దాకా వచ్చాయి. సగం దాటాలి, ఎవరూ దాటలేదు. అంటే రనాఫ్, మొదటి ఇద్దరి మధ్య రెండో విడత. అది ఎప్పుడయ్యా అంటే 2026 జనవరి 31!

అక్కడ హైదరాబాద్‌లో మా అన్న వాళ్ళది జూబ్లీహిల్స్ నియోజకవర్గం. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ జూన్ 8న చనిపోతే నవంబర్ 11న పోలింగ్ అయింది. గోపీనాథ్ భార్య సునీత బీఆర్ఎస్ తరఫున నిలబడ్డారు, కాంగ్రెస్ నుంచి నవీన్ యాదవ్. అభ్యర్థులు మొత్తం 58 మంది. మా పదహారు చూసి నవ్విన అన్న, ఓటేసి వచ్చి నాకు ఫోన్ చేశాడు. "నాలుగు మిషన్లు వరుసగ పెట్టినరే. మనోని గుర్తు దొరికేసరికి ఎనక లైన్ల గొడవ" అన్నాడు. అంత హడావిడి చేసి సగంమంది కూడా ఓటెయ్యలేదు, అది వేరే సంగతి. 14న లెక్కపెట్టారు, నవీన్ యాదవ్ దాదాపు 25 వేల మెజారిటీతో గెలిచాడు. మా ఇద్దరి ఫోన్లలో సీన్ తిరగబడింది. "మా ఎమ్మెల్యే జూన్ల పోతే నవంబర్ల కొత్తాయన వచ్చిండు. మీ ఆయన మార్చిల పోయిండు కదా చెల్లె, ఇంకా కాలేదా? అమెరికా అంటరు మళ్ల!" నాకు జవాబు దొరకలేదు. పక్కనుంచి అమ్మ, "గిన్ని రోజులు మీ తరఫున ఎవలు మాట్లాడుతరు మరి?" అంది. దానికీ దొరకలేదు.

ఈలోగా ఇంకో మెలిక. టెక్సస్ ఆగస్టులోనే నియోజకవర్గాల గీతలు మార్చేసింది. కోర్టు ఆపింది, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఆపడాన్ని ఆపింది. దాంతో 2026 మార్చి 3 ప్రైమరీ కొత్త గీతల మీద. రనాఫ్ ఇంకా కాకముందే డిసెంబర్‌లో మెనెఫీ, ఎడ్వర్డ్స్ ఇద్దరూ కొత్త 18కి నామినేషన్లు వేసుకున్నారు. పాత తొమ్మిదో నియోజకవర్గాన్ని చెరిపి రాస్తే, అక్కడ 2005 నుంచి ఉన్న అల్ గ్రీన్ కూడా వచ్చి ఇదే 18లో దిగాడు. పాత పెళ్ళి భోజనాలు కాకముందే కొత్త పెళ్ళికి పందిరి.

జనవరి చివర్లో హ్యూస్టన్ చలికి గడగడలాడింది. మంచు తుఫాను హెచ్చరికలకి కుళాయిలకి గుడ్డలు చుట్టుకోవడమే సరిపోయింది, ముందస్తు ఓటింగుకి వెళ్ళలేదు. 31న, శనివారం, పక్కింటావిడని కారులో తీసుకుని వెళ్ళాను. ఈసారి స్క్రీన్ మీద రెండే పేర్లు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాను. మళ్ళీ ఎడ్వర్డ్స్‌కే వేశాను. ఆమె మళ్ళీ ఓడిపోయింది. మెనెఫీకి మూడింట రెండొంతులు పడ్డాయి. సోమవారం, ఫిబ్రవరి 2న, వాషింగ్టన్‌లో ప్రమాణం చేశాడు. నేను ఓటెయ్యని మనిషే, అయినా ఆ వీడియో ల్యాబ్‌లో బ్రేక్‌లో చూస్తుంటే హమ్మయ్య అనిపించింది. టర్నర్ పోయి పదకొండు నెలలు నిండటానికి మూడు రోజులు తక్కువ.

ఈలోగా కొత్త ఓటర్ కార్డు వచ్చింది. కాంగ్రెస్ అని రాసున్న గడిలో 18 లేదు. పక్క నియోజకవర్గం నంబరుంది. అంటే రెండుసార్లు లైన్లో నిలబడి పంపిన ఈ సభ్యుడు 2027 జనవరి దాకానే మా వీధికి సభ్యుడు. మార్చి 3న ఆయనకి ఓటెయ్యాలన్నా, వద్దన్నా మా చేతిలో లేకుండా పోయింది.

మొన్న ఆదివారం ఈ మాట పక్కింటావిడకి చెప్పాను. అప్పుడే ఆమె ఎడ్వర్డ్స్ బోర్డు పీకి గరాజ్‌లో పెట్టి వస్తోంది. కార్డు తీసి చూపిస్తే కళ్ళజోడు లేకుండానే చూసి నాకు తిరిగిచ్చేసింది. "నేను 1972 నుంచి పద్దెనిమిదే" అంది. మెనెఫీ బోర్డు మెట్ల పక్కన కొంచెం వంగింది, దాన్ని కాలితో మట్టిలోకి ఇంకాస్త నొక్కి లోపలికి వెళ్ళిపోయింది.